బిస్కెట్ డబ్బాలో నా ఫొటో

ఆ ఇంటి వంటగది తలుపు పక్కన ఒక బోర్డు ఉండేది. దాని మీద వారానికి ఏడు గడులు. ఒక్కో గడిలో పొద్దుటి షిఫ్ట్‌కి ఒక చోటు, మధ్యాహ్నం షిఫ్ట్‌కి ఒక చోటు. వాటిలో పేర్లు రాసేవాళ్లం కాదు, మా ఫొటోలు అంటించేవాళ్లం. అగ్గిపెట్టెంత ఫొటో, దాని వెనక పిల్లల బూట్లకు ఉండేలాంటి అంటుకునే పట్టీ ముక్క. చదవడం రాని మనిషికి కూడా రేపు పొద్దున తనకు గడ్డం గీసేదెవరో, మాత్రలు చేతిలో పెట్టేదెవరో తెలియాలి కదా. అందుకని ఆ ఏర్పాటు.

న్యూజిలాండ్ దక్షిణపు కొసన ఉన్న ఇన్వర్‌కార్గిల్‌లోని ఆ ఇంట్లో నలుగురు ఉండేవారు. నలుగురికీ పుట్టుకతోనే మేధోవైకల్యం. వాళ్లను చూసుకోవడానికి సపోర్ట్ వర్కర్లం ఏడెనిమిది మందిమి వంతులవారీగా వచ్చిపోతూ ఉండేవాళ్లం. నేను చెప్పేది ఆ నలుగురిలో ఒకాయన గురించి. అరవై దగ్గర పడ్డ మనిషి. పొట్టిగా, గుండ్రంగా, వేసవిలో కూడా ఉన్ని టోపీతో ఉండేవాడు. ఆరేళ్ల వయసులో ఇంట్లోవాళ్లు ఎక్కడో దూరాన ఒక పెద్ద సంస్థలో వదిలేశారట. అది మూతపడ్డాక ఈ ఇంటికి వచ్చాడు. వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. ఆయనకు అన్నదమ్ములున్నట్టు ఫైల్లో ఉంది కానీ ఒక్కరూ గుమ్మం తొక్కగా నేను చూడలేదు.

ఆ బోర్డు మీద సర్వాధికారాలూ ఆయనవే. ఆదివారం మధ్యాహ్నం టీ తాగాక కుర్చీ లాక్కుని దాని ముందు కూర్చునేవాడు. డ్యూటీలో ఉన్నవాళ్లం ఆ వారం ఎవరి వంతు ఎప్పుడో రాసిన రోస్టర్ కాగితం చూసి చదువుతుంటే, ఒక్కో ఫొటో వెతికి తీసి దాని గడిలో అంటించి, బొటనవేలితో గట్టిగా నొక్కేవాడు. నొక్కాక ఇక అది మారకూడదు. ఎవరైనా జ్వరమొచ్చి రాకపోతే, రాని మనిషి మీద కాదు, కాగితం చదివిన మనిషి మీద అలిగేవాడు. రెండుసార్లు నేను ఆ అలక భరించాను. మా అత్తగారి అలక కూడా అంత నిక్కచ్చిగా ఉండదు.

షిఫ్ట్ అయిపోయి వెళ్తుంటే తలుపు దాకా వచ్చి ఒకే ప్రశ్న వేసేవాడు. "మళ్లీ ఎప్పుడు?" మనం రోజు చెప్పాలి. చెప్పగానే లోపలికి వెళ్లి, బోర్డు మీద వేలు పెట్టి సరిచూసుకునేవాడు. ఒకసారి తొందరలో గురువారానికి బదులు శుక్రవారం అనేశాను. కారు స్టార్ట్ చేసేలోపు మంచులో చెప్పులతోనే పరిగెత్తుకొచ్చి, అద్దం మీద కొట్టి, గురువారం అని దిద్ది వెళ్లాడు. కరెంటు పనికి వచ్చినవాళ్లనూ, కాలి గోళ్లు తీసే ఆవిడనూ, ఆఫీసు నుంచి వచ్చే పెద్దవాళ్లనూ ఆ ప్రశ్న అడిగేవాడు కాదు. వాళ్లకు "మెట్టు జారుతుంది, చూసుకో" అని చెప్పి తలుపేసేవాడు. మళ్లీ రావాల్సిన వాళ్లెవరో, వచ్చిపోయే వాళ్లెవరో ఆయనకు బాగా తెలుసు.

ఆ ఉద్యోగంలో చేరిన రెండో నెలలో నాకు తన నీలం రంగు బిస్కెట్ డబ్బా చూపించాడు. మూత తీస్తే లోపలన్నీ ఫొటోలే. ఇన్నేళ్లలో ఆ ఇంట్లో పనిచేసి మానేసిన వాళ్లవి. డెబ్బై దాకా ఉంటాయి. ఎవరు మానేసినా వాళ్ల ఫొటోను ఆయన పారేయనివ్వడు, బోర్డు మీంచి తీసి ఆ డబ్బాలో వేసుకుంటాడు. ఆ గుట్టకు పక్కగా, రబ్బరు బ్యాండు చుట్టి మూడు ఫొటోలు విడిగా ఉన్నాయి. వీళ్లెవరని అడిగాను. "వీళ్లు చెప్పారు" అన్నాడు.

వెళ్లిపోతున్నామని ముందే చెప్పినవాళ్లు అని అర్థం కావడానికి నాకు కాసేపు పట్టింది. డెబ్బై మందిలో ముగ్గురు. మిగతావాళ్లు చెడ్డవాళ్లని కాదు. మా పనిలో అదొక అలవాటు. ముందే చెబితే ఇలాంటివాళ్లు కంగారుపడతారు, తిండి మానేస్తారు, అందుకని మెల్లగా తప్పుకోవడమే మంచిదని పాతవాళ్లు కొత్తవాళ్లకు నేర్పుతారు. నాకూ నేర్పారు. చివరి రోజు కేకు తెచ్చి, అందరూ తిన్నాక, ఆ కేకు ఎందుకో చెప్పకుండా వెళ్లిపోయినవాళ్లను నేనే చూశాను. మర్నాడు ఆయన ఆ మనిషి ఫొటో పట్టుకుని రోస్టర్ కాగితమంతా వెతికిస్తాడు. కాగితంలో లేదని తేలాక డబ్బాలో వేస్తాడు.

అలాంటి ఒక మర్నాడు నేను ఆయనకు మాటిచ్చాను. "నేను వెళ్లేటప్పుడు చెబుతాను. ఏది మారినా ముందు నీకే చెబుతాను" అన్నాను. ఆయన నా ఫొటో తీసి, నా బొటనవేలు పట్టుకుని దాని మీద నొక్కించాడు. నవ్వుతూనే నొక్కాను. అప్పుడు నాకు అదంతా ముచ్చటగా ఉంది.

నన్ను ఆ పనిలో పెట్టించింది ఒక అక్క. కరీంనగర్ అమ్మాయి. నేను భీమవరం నుంచి ఇక్కడి పాలిటెక్నిక్‌లో చదువుకోవడానికి దిగేసరికి ఆమె చదువు ముగించి, ఆ ఇంటికి టీమ్ లీడర్ అయి ఉంది. నేను దిగింది జూన్ నెల. ఈ ఊళ్లో జూన్ అంటే నడి చలికాలం, దక్షిణం నుంచి వచ్చే గాలికి చెవులు ఊడిపడతాయనిపిస్తుంది. ఎయిర్‌పోర్టులో నా పల్చటి స్వెట్టర్ చూసి, తను వేసుకున్న కోటు విప్పి నాకు తొడిగింది. దాన్ని తిరిగి తీసుకోలేదు. ఈ పరాయి ఊళ్లో నాకు అమ్మ తర్వాత అమ్మ ఆమే అని మా ఇంటికి ఫోన్ చేసినప్పుడల్లా చెప్పేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే చిరాకేస్తుంది.

ఆ ఇంట్లో నాకు నాలుగేళ్లు గడిచిపోయాయి. చదువు అయిపోయింది, పెళ్లయింది, మా ఆయన వచ్చాడు, నేను అక్కడే ఉండిపోయాను. ఉన్ని టోపీ పెద్దాయనకు గడ్డం గీస్తుంటే మెడ పైకెత్తి, కళ్లు మూసుకుని, చిన్నప్పటి సంస్థలో ముప్ఫై మంచాల గది గురించి ముక్కలు ముక్కలుగా చెప్పేవాడు. నా పులిహోరను పసుపన్నం అనేవాడు. మిరపకాయ ముక్కలన్నీ ఏరి నా పళ్లెంలో పడేసి మిగతాది ఊడ్చేసేవాడు. నాకు జలుబు చేస్తే కెటిల్ పెట్టు, కెటిల్ పెట్టు అని వెంటపడేవాడు. టీ పెట్టేది నేనే, తాగమని అజమాయిషీ చేసేది ఆయన. జీతానికి చేసే పని అని నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. అయినా మా మధ్య ఉన్నది ఆ ఒక్కటే అని ఎవరైనా అంటే ఒప్పుకునేదాన్ని కాదు.

గత చలికాలంలో ఒక మధ్యాహ్నం షిఫ్ట్ మారాక, అక్క నన్ను తన కార్లో కూర్చోబెట్టుకుని హీటర్ వేసింది. ఇంటి ఓనరు ఇల్లు తిరిగి తీసుకుంటున్నాడనీ, నెలాఖరుకు ఖాళీ చేయాలనీ చెప్పింది. నలుగురినీ ఊరికి అటు చివరన ఉన్న మా సంస్థవే వేరే రెండు ఇళ్లకు పంచారు. ఆ ఆఖరి వారంలో రోజుకొకరిని తీసుకెళ్తారు. మొదటి వంతు ఆయనది, మంగళవారం. ఎప్పుడు చెబుతున్నారు వాళ్లకు అని అడిగాను.

"ఆ రోజే చెప్తరు. పైవాళ్లు గట్లనే అన్నరు" అంది అక్క. "ముందే చెప్తే ఆయన తిండి బంద్ చేస్తడు, నీకు తెల్వదా? నువ్వు నోరు జారకు. ఇగ నువ్వు గూడ ఆయనతోనే ఆ ఇంటికి పోతున్నవ్ గదా, నీకు బాధెందుకు?"

నేను మాటిచ్చానని చెప్పాను. అక్క నవ్వి, నా చేతి మీద తట్టి, మనుషులు మారకపోతే ఇల్లు మారినా ఆయనకేం కాదు, నువ్వుంటే చాలు అంది. ఆ మాట నాకు బాగా నచ్చింది. నిజం చెప్పాలంటే పొంగిపోయాను. నేనుంటే చాలట. ఆ ఒక్క ముక్క పట్టుకుని మూడు వారాలు నోరు కుట్టేసుకున్నాను. నా వంతు వచ్చిన ప్రతి పొద్దునా గడ్డం గీస్తూ, ఆయన మెడ మీద రేజర్ నడుపుతూ, గొంతు దాకా వచ్చినదాన్ని మింగేశాను.

ఆఖరి ఆదివారం బోర్డు పని నా వంతుకే వచ్చింది. ఎవరికీ అనుమానం రాకుండా మామూలు వారంలా ఒక ఉత్తుత్తి రోస్టర్ తయారుచేసి పంపారు. నేను చదువుతున్నాను, ఆయన అంటిస్తున్నాడు. బుధవారం పొద్దున దగ్గర నా పేరుంది. ఆయన నా ఫొటో తీసి గాల్లో పట్టుకుని నా వైపు చూశాడు. నేను తలూపాను. బుధవారం ఆయన దగ్గర నేనుంటానన్నది అబద్ధం కాదు కదా, ఇల్లొక్కటే కదా వేరు అని నాకు నేను చెప్పుకున్నాను. ఆయన ఫొటో అంటించి, బొటనవేలితో నొక్కాడు.

మంగళవారం ఆయన్ని షికారుకు తీసుకెళ్లే పని నాకే అప్పగించారు. మేం బయట ఉండగా వ్యానులో ఆయన మంచం, టీవీ, బట్టలు కొత్త ఇంటికి చేరిపోవాలి. బ్లఫ్ రేవుకు వెళ్లి పడవలు చూశాం. దారిలో ఒక డెయిరీ, అంటే ఇక్కడి చిల్లర కొట్టు, దగ్గర ఆగి చీజ్ రోల్స్ కొనుక్కుని, కారులోనే తిన్నాం. ఆయన చాలా సంతోషంగా ఉన్నాడు. అంత సంతోషంగా ఉండకపోతే బాగుండు అనుకున్నాను. తిరిగి ఊళ్లోకి వచ్చాక మా వీధి మలుపు వచ్చింది. నేను తిప్పలేదు.

"మలుపు దాటిపోయింది" అన్నాడు.

ఇవాళ ఇంకో చోటికి వెళ్తున్నామన్నాను. ఎవరింటికి అన్నాడు. నీ ఇంటికే, కొత్త ఇంటికి అని చెప్పాను. మూడు వారాలు దాచిన మాట చెప్పడానికి మూడు క్షణాలు పట్టింది. ఆయన టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. అరవడు, ఏడవడు. ఆ కాలపు సంస్థలో ఏడ్చేవాళ్లనేం చేసేవాళ్లో నాకు చెప్పి ఉన్నాడు. ఒకటే అడిగాడు, బుధవారం నువ్వేనా అని. నేనే అన్నాను. అది చెప్పేటప్పుడు నిజమనే నమ్మాను. దేవుడి మీద ఒట్టు.

కొత్త ఇల్లు శుభ్రంగా ఉంది. ఆయన గది, కిటికీ ఏవీ చూడకుండా నేరుగా వంటగదిలోకి నడిచాడు. అక్కడా ఒక బోర్డు ఉంది. అప్పటికే నిండా ఫొటోలు అంటించి ఉన్నాయి, ఎవరో అంటించేశారు. ఆయన ఒక్కో గడీ వేలు పెట్టి చూసుకుంటూ ఆదివారం దాకా వెళ్లాడు. ఆ తర్వాత మళ్లీ మొదటి నుంచి చూశాడు. "నువ్వు లేవు" అన్నాడు. ఇంకా అంటించలేదేమో, కనుక్కుంటానని చెప్పి, వరండాలో పెట్టెలు సర్దిస్తున్న అక్క దగ్గరకు వెళ్లాను.

అక్క నా ముఖం చూసే గ్రహించింది. నన్ను పక్కకు తీసుకెళ్లి, ఈ ఇంటికి వేరే టీమ్ ఉందనీ, వాళ్లకు మనుషులు సరిపోయారనీ, నన్ను పాత ఇంటి మిగతా పనికి, ఆ తర్వాత ఇంకో ఇంటికి వేశారనీ చెప్పింది. ఇదంతా నేలచూపులు చూస్తూనే చెప్పింది.

"ఎప్పటి నుంచి తెలుసక్కా నీకు?" అన్నాను.

"రెండు వారాలైంది. ముందుగాల నువ్వే పోతవనుకున్న, నిజంగనే అనుకున్న. తర్వాత మార్చిన్రు." అక్కడితో ఆపి ఉంటే ఇప్పటికైనా క్షమించేదాన్నేమో. ఆగలేదు. "నీకు చెప్తే నువ్వు ఆగుతుంటివా? పోయి ఆయనకు చెప్పేస్తుంటివి. పరేషాన్ అయితుంటివి, పని మీద మనసు పెట్టకపోతుంటివి. అందుకే చెప్పలే. నీ మంచికేనే."

నాకు ఒళ్లు మండిపోయింది. కంగారుపడుతుంది, తట్టుకోలేదు, ఆఖరి నిమిషంలో చెబితే చాలు, తన మంచికే. ఆయన గురించి పైవాళ్లు చెప్పుకున్న మాటలే ఇవి. నా గురించీ అవే మాటలు అనుకున్నారన్నమాట. నన్ను ఆయనకు ఎరగా వాడుకున్నారు, నాకు కోటు తొడిగిన చేతులే ఆ పని చేశాయి. ఆ ఎగదన్నిన కోపంలో కూడా నేను ఒకటి ఒప్పుకోలేదు. అదే మాటలు మూడు వారాలపాటు నేను కూడా నాలో నేను అనుకుంటూనే ఉన్నాను. తెలివితక్కువ మనిషికి చెప్పకపోతే అది దయ, నాకు చెప్పకపోతే ద్రోహం. ఇదీ నా లెక్క.

వెళ్లాల్సిన వేళయింది. ఆయన అలవాటు ప్రకారం తలుపు దాకా వచ్చాడు. కొత్త తలుపు, గొళ్లెం ఎటు తిరుగుతుందో తెలియక తడుముకున్నాడు. నా వెనకే అక్క ఉంది, ఇప్పుడు గొడవ వద్దన్నట్టు చూస్తోంది.

"మళ్లీ ఎప్పుడు?" అన్నాడు.

అప్పటికి నాకు నిజం తెలిసి పది నిమిషాలైంది. రానని చెప్పడానికి ఒక్క మాట చాలు. అక్క చూపుకు భయపడ్డానని అనుకోవాలని ఉంది కానీ కాదు. ఆయన ముఖం చూడలేకపోయాను, అంతే.

"బుధవారం" అన్నాను.

ఆయన లోపలికి వెళ్లి బోర్డు సరిచూసుకోలేదు. నాలుగేళ్లలో మొదటిసారి, బోర్డు మాట కాక నా మాట తీసుకున్నాడు.

అక్కతో ఆ తర్వాత మాటలు తెగిపోయాయి. ఆమె చాలాసార్లు ఫోన్ చేసింది, ఒకసారి బిర్యానీ వండి గుమ్మంలో పెట్టి వెళ్లింది. మా ఆయన తిన్నాడు, నేను ముట్టలేదు. కోటు ఉతికి ఇస్త్రీ చేయించి, ఎవరితోనో పంపేశాను. కొత్త ఇంట్లో ఉన్న పెద్దాయన్ని చూడటానికి వెళ్తానని ఆఫీసులో అడిగితే, ముందు అక్కడ కుదురుకోనివ్వండి, మీరు వెళ్తే మళ్లీ మొదటికొస్తుంది అన్నారు. ఇదిగో అదిగో అంటూ ఐదు వారాలు గడిపేశారు. ఈలోగా మా ఆయనకు ఎక్కడో దూరాన, ఉత్తరాన ఉన్న టౌరంగా పోర్టులో ఉద్యోగం వచ్చింది. వెళ్లే తేదీ కూడా ఖాయమైంది. ఈసారి ఎవరినీ అడగలేదు. ఒక శనివారం పొద్దున పదింటికి వెళ్లి ఆ ఇంటి బెల్లు కొట్టాను.

తలుపు తీసిన అమ్మాయి విజిటర్ల పుస్తకంలో సంతకం చేయమంది. స్టాఫ్ సంతకం చేసే పుస్తకం వేరు. ఎవరు మీరు అని అడిగితే, పాత ఇంట్లో పనిచేసేదాన్నని చెప్పాను. అమ్మాయి నన్ను ఎగాదిగా చూసి, ఆ బుధవారం మనిషి మీరేనా అంది. ఆ బుధవారం ఆయన టిఫిన్ అయిన దగ్గర్నుంచి లంచ్ దాకా టోపీ పెట్టుకుని ముందుగది కిటికీ దగ్గర కూర్చున్నాడట. గడ్డం గీస్తామంటే ఆమె వచ్చి గీస్తుందన్నాడట. మర్నాడు కూడా గీయించుకోలేదట.

ఆయన లోపలి నుంచి వచ్చాడు. కొంచెం చిక్కాడు. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు, కోప్పడనూ లేదు. కూర్చో అన్నాడు. కెటిల్ పెట్టు అనలేదు. టీ తెమ్మని ఆ అమ్మాయికి చెప్పాడు, బిస్కెట్లు పళ్లెంలో పెట్టించాడు. ఆఫీసు పెద్దవాళ్లకు చేసే మర్యాద అది. బోర్డు వైపు నేను చూడటం గమనించి, అదిప్పుడు వాళ్లే చేస్తారన్నాడు. ఆదివారాలు ఏం చేస్తున్నావంటే టీవీ అన్నాడు.

క్షమించమని అడిగాను. రానని తెలిసి కూడా బుధవారం అన్నానని, అది నా తప్పేనని చెప్పాను. ఆయన బిస్కెట్ తింటూ విన్నాడు. అప్పుడు అసలు సంగతి చెప్పాను. "నేను టౌరంగా వెళ్లిపోతున్నాను. మూడు వారాల తర్వాత, శనివారం. ముందే చెబుదామని వచ్చాను."

ఆయన లేచి గదిలోకి వెళ్లి నీలం డబ్బా తెచ్చాడు. మూత తీశాడు. రబ్బరు బ్యాండులో ఆ మూడు ఫొటోలే ఉన్నాయి. విడి గుట్టలోంచి, వెతక్కుండానే, నా ఫొటో పైకి తీశాడు. పాత బోర్డు మీంచి అడిగి తెప్పించుకున్నట్టున్నాడు. దాన్ని చాలాసేపు చూశాడు. సిగ్గులేకుండా ఆశపడ్డాను. చెప్పాను కదా, మూడు వారాల ముందే చెప్పాను కదా, నా ఫొటో కూడా ఆ బ్యాండులో పెడతాడేమో అని చిన్నపిల్లలా ఆయన వేళ్ల వైపే చూస్తూ కూర్చున్నాను.

"నువ్వు బుధవారమే వెళ్లిపోయావు" అన్నాడు.

ఫొటోను మళ్లీ విడి గుట్టలో వేసి మూత పెట్టేశాడు. ఆ గొంతులో నిష్ఠూరం లేదు. తప్పుగా చెప్పిన రోజును దిద్దుతున్నట్టే ఉంది, కారు అద్దం కొట్టి గురువారం అని దిద్దినట్టే.

టీ తాగాను. కప్పు పళ్లెం పక్కన పెట్టి లేచాను. ఆయన తలుపు దాకా వచ్చాడు. ఇప్పుడు గొళ్లెం ఎటు తిరుగుతుందో ఆయనకు తెలుసు. తలుపు తీసి పట్టుకుని నిలబడ్డాడు. నేను బయటకు అడుగు పెట్టకుండా, ఆ ప్రశ్న కోసం ఆగాను. ఈసారి ఏ రోజు చెప్పినా నిజమే చెప్పడానికి సిద్ధంగా ఉన్నాను. వచ్చే శనివారం అనేదాన్ని, ఆ తర్వాతి శనివారం కూడా అనేదాన్ని.

ఆయన నా కాళ్ల వైపు చూశాడు.

"మెట్టు జారుతుంది, చూసుకో" అన్నాడు.